బొగ్గుబాయి బిడ్డలకు తత్వశాస్త్రం వద్దా?

లిబరల్ ఆర్ట్స్ విద్య గురించి మన దేశంలో ఇప్పుడు నడుస్తున్న చర్చ రెండు చోట్ల నుంచే వినిపిస్తున్నది. ఒకటి, ఏడాదికి లక్షల రూపాయల ఫీజు తీసుకునే ప్రైవేటు విశ్వవిద్యాలయాల ప్రకటనలు. రెండు, 2020 జాతీయ విద్యావిధానం. గోదావరిఖనిలో, రామగుండంలో, మంథనిలో డిగ్రీ చదువుతున్న విద్యార్థికి ఈ చర్చలో చోటు లేదు. ఆ విద్యార్థి ప్రస్తావన వచ్చినప్పుడు ప్రభుత్వాలూ పరిశ్రమలూ పలికే మాట ఒక్కటే: నైపుణ్యం. చరిత్ర, తత్వశాస్త్రం, సాహిత్యం, రాజనీతి కొందరికి. చేతిపని శిక్షణ మిగిలినవారికి అన్న ఈ పంపకం కొత్తదేమీ కాదు. ఎవరు ఆలోచించాలో, ఎవరు మోయాలో పుట్టుకతోనే నిర్ణయించిన కులవ్యవస్థ చేసిన పంపకమే ఇప్పుడు పాఠ్యప్రణాళిక రూపంలో తిరిగి వస్తున్నది. కాబట్టి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పరిధిలో డిగ్రీ చదివే ప్రతి విద్యార్థికీ, అది బీకాం అయినా బీఎస్సీ అయినా ఇంజనీరింగ్ అయినా, మొదటి రెండేళ్లు ఒక ఉమ్మడి ఉదార విద్యా పాఠ్యక్రమం ఉండాలనీ, దానికి నాంది కోల్‌బెల్ట్‌లోనే పలకాలనీ నేను వాదిస్తున్నాను.

ఉమ్మడి పాఠ్యక్రమమంటే ఏమిటో ముందు స్పష్టం చేసుకోవాలి. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయం మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1919లో, సమకాలీన నాగరికత అనే కోర్సును తన కళాశాల విద్యార్థులందరికీ తప్పనిసరి చేసింది. 1937లో దానికి సాహిత్య పఠనం జతపడింది. ఏ విద్యార్థి ఏ శాస్త్రంలో పట్టా పొందదలచినా, తొలి రెండేళ్లలో రాజ్యం, న్యాయం, ఆస్తి, స్వేచ్ఛ వంటి మౌలిక ప్రశ్నలను చిన్న తరగతి గదిలో మూలగ్రంథాలు చదివి చర్చించాలన్నది దాని ఉద్దేశం. వృత్తిని ఎంచుకునే ముందే తాను బతుకుతున్న సమాజం ఎట్లా తయారయిందో తెలుసుకోవడం పౌరుడి హక్కు అన్న భావన దాని వెనుక ఉన్నది. అయితే ఆ పఠనీయ గ్రంథాల జాబితా దశాబ్దాల పాటు దాదాపు పూర్తిగా యూరప్ పురుషులదే. అమెరికాలో నల్లజాతి జీవితానికి అక్షరరూపమిచ్చిన టోనీ మారిసన్ నవల ఆ సాహిత్య పాఠంలో చేరడానికి 2015 దాకా ఆగవలసి వచ్చింది. ఉమ్మడి పాఠ్యక్రమం ఎంత అవసరమో, అందులో ఏముండాలన్నది ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమని ఈ చరిత్ర చెబుతున్నది.

ఆ కొలంబియాలోనే, ఈ కోర్సు మొదలు కావడానికి కొద్ది ఏళ్ల ముందు, అంబేడ్కర్ చదివారు. బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకారవేతనంతో 1913లో అక్కడికి వెళ్లిన ఆయన అర్థశాస్త్రానికే పరిమితం కాలేదు. చరిత్ర, సామాజికశాస్త్రం, తత్వశాస్త్రం, మానవశాస్త్రం తరగతులకు వెళ్లారు. జాన్ డ్యూయీ దగ్గర తత్వశాస్త్రం విన్నారు. 1916 మే నెలలో భారతదేశంలో కులాల పుట్టుక మీద ఆయన చదివిన పత్రం గోల్డెన్‌వైజర్ మానవశాస్త్ర గోష్ఠిలోనిది. అర్థశాస్త్ర విద్యార్థి మానవశాస్త్ర తరగతిలో కూర్చోగలిగాడు గనుకనే కులనిర్మూలన సిద్ధాంతానికి తొలి పునాది పడింది. కులం శ్రమను మాత్రమే విభజించలేదనీ, శ్రామికులనే విభజించిందనీ 1936లో ఆయన చేసిన నిర్ధారణకు ఒక శాస్త్రం గోడల మధ్య ఉండిపోతే చేరుకోవడం కష్టం.

ఈ నిర్ధారణను పరీక్షించి చూడటానికి సింగరేణికి మించిన చోటు లేదు. 1871లో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించారు. 1886లో లండన్ పెట్టుబడితో హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చింది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. ఇప్పుడు అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నది. ఈ నూటయాభై ఏళ్ల చరిత్రను కంపెనీ సావనీర్లు యంత్రాల చరిత్రగా, టన్నుల చరిత్రగా రాసుకున్నాయి. తట్టాచెమ్మస్‌తో బొగ్గు నింపిన కోల్‌ఫిల్లర్లు ఎవరు? ఏ పల్లెల్లోని ఏ వాడల నుంచి వచ్చారు? సర్దారు, ఓవర్‌మన్, మేనేజర్ అనే నిచ్చెనలో ఏ మెట్టు దగ్గర ఏ కులం ఆగిపోయింది? ఊళ్లో వెట్టి తప్పించుకుని బాయిలో దిగిన మాదిగ, మాల, వెనుకబడిన కులాల యువకులకు నెల జీతం ఇచ్చిన ఆత్మగౌరవం ఎంత, బాయి మీద కూడా వదలని వివక్ష ఎంత? ఆ కార్మికుల మనుమలూ మనుమరాళ్లూ చదివే డిగ్రీ పాఠ్యపుస్తకాల్లో ఈ ప్రశ్నలు కనిపించవు.

కోల్‌బెల్ట్‌లో చదువు ఇప్పుడు ఇంత కీలకం కావడానికి ఒక ఆర్థిక కారణం ఉన్నది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల స్థాయికి తగ్గింది. అదే కాలంలో ఉత్పత్తి అనేక రెట్లు పెరిగి 2023-24లో సుమారు 7 కోట్ల టన్నులకు చేరింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి. మట్టి తొలగింపు పనులు ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతికి పోయాయి. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేయగా, సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. అనారోగ్యంతో అన్‌ఫిట్ అయిన కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాల దారి మాత్రం మిగిలింది. తండ్రి ఉద్యోగం కొడుక్కి వచ్చే కాలం చాలామందికి ముగిసిపోయింది. అప్పటి కార్మికుడికి తన బిడ్డకు ఇవ్వడానికి బాయిలో ఒక మస్టర్ ఉండేది. ఇప్పటి కాంట్రాక్టు కార్మికుడికి ఇవ్వడానికి చదువు తప్ప మరొకటి లేదు. ఆ చదువు ఎటువంటిదన్నది అందుకే ఇక్కడ బతుకుతెరువు ప్రశ్న, కుల ప్రశ్న కూడా.

జాతీయ విద్యావిధానం ఉదార విద్యను గట్టిగానే సమర్థించింది. తక్షశిల, నలందలను తలచుకున్నది. బాణభట్టుడి కాదంబరిని ప్రస్తావించి, 64 కళల్లో గానం, చిత్రలేఖనంతో పాటు రసాయనశాస్త్రం, గణితం, వడ్రంగం, బట్టల తయారీ కూడా ఉన్నాయని, ఇదే లిబరల్ ఆర్ట్స్ అసలు భావనకు మూలమని చెప్పింది. వినడానికి ఇంపుగానే ఉన్నది. వడ్రంగం ఒక కళ అయితే, ఆ వడ్రంగి నలంద తరగతి గదిలో ఎందుకు లేడు? నేత ఒక విద్య అయితే, మగ్గం మీది పద్మశాలికి ఏ గురుకులం పట్టా ఇచ్చింది? చేతిపనిని కళల జాబితాలో చేర్చి, చేతిపని చేసే మనిషిని విద్యకు దూరం పెట్టిన వ్యవస్థ పేరు విద్యావిధాన పత్రంలోని ఆ భాగంలో లేదు. కుమ్మరి, చర్మకారుడు, చాకలి, మంగలి చేసే పనుల్లో ఉన్న శాస్త్రజ్ఞానాన్ని పిల్లలకు వివరిస్తూ కంచ ఐలయ్య 2007లో ఒక పుస్తకమే రాశారు. శ్రమకు గౌరవం అన్న పాఠాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో ఆ పుస్తకం చూపుతుంది: కళ దగ్గర కాదు, కళాకారుడి కులం దగ్గర.

ఆ విధానంలోనే ఇంకొక ఏర్పాటు ఉన్నది. నాలుగేళ్ల డిగ్రీలో ఏడాదికి మానేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు మానేస్తే డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లూ ఉంటే పరిశోధనతో కూడిన డిగ్రీ. దీన్ని స్వేచ్ఛగా చూపుతున్నారు. ఏడాదికీ రెండేళ్లకీ బయటికి నడిచేది ఎవరు? ఫీజు రీయింబర్స్‌మెంట్ సకాలంలో రాక సర్టిఫికెట్లు కళాశాలలో ఇరుక్కున్న ఇంటి పిల్లలు. తండ్రి కాంట్రాక్టు పని పోగానే కుటుంబభారం మీద పడే పెద్దకొడుకు. సంబంధం కుదరగానే చదువు ఆగిపోయే అమ్మాయి. నాలుగో ఏడు దాకా ఉండగలిగేవారు ఏ వర్గాలవారో వేరే చెప్పనక్కరలేదు. పాతకాలంలో బడి గుమ్మం దగ్గర ఆపేవారు. ఇప్పుడు గుమ్మాలు పెరిగాయి, ఒక్కొక్క గుమ్మం దగ్గర ఒక్కొక్క కాగితం చేతిలో పెట్టి పంపుతారు.

ఉమ్మడి పాఠ్యక్రమం మొదటి రెండేళ్లలోనే ఉండాలని పట్టుబట్టడానికి కారణం ఇదే. చరిత్రనూ రాజ్యాంగాన్నీ తర్కాన్నీ మూడో ఏడుకో నాలుగో ఏడుకో వాయిదా వేస్తే అవి మళ్లీ ఉన్నవారి సొత్తే అవుతాయి. మధ్యలో ఆగిపోయే విద్యార్థి కూడా విశ్వవిద్యాలయం ఇవ్వగలిగిన శ్రేష్ఠమైన చదువును అందుకునే వెళ్లాలి. అయితే రెండేళ్ల పాఠ్యక్రమం రెండేళ్లకే పంపించివేయడానికి సాకు కాకూడదు. అది చివరిదాకా నిలబడే హక్కుకు పునాదిగా ఉండాలి.

దీనికి బలమైన అభ్యంతరం మన ఉద్యమాల లోపలి నుంచే వస్తుంది, రావాలి కూడా. కడుపు నిండిన కులాలకు తత్వశాస్త్రం సరే, దళిత బహుజన బిడ్డలకు ముందు ఉద్యోగం కావాలి కదా అని. ఈ అభ్యంతరానికి అంబేడ్కర్ మద్దతే ఉన్నది. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా ఆయన సమర్పించిన వినతిపత్రంలో, షెడ్యూల్డు కులాలకు ఆర్ట్స్, న్యాయశాస్త్ర పట్టాలు పెద్దగా ఉపకరించవనీ, సైన్సు, సాంకేతిక విద్య కావాలనీ వాదించారు. ఈ వాదనను దాటవేయకూడదు. కాని ఆయన అడిగింది ఉన్నతస్థాయి సైన్సును. దానికి విదేశీ చదువుల ఉపకారవేతనాలను. తన జనానికి అందకుండా ఖర్చు అడ్డుగోడ కట్టిన చదువు ఏదో దాన్నే అడిగారు. నాలుగేళ్ల తరువాత, 1946లో, బొంబాయిలో ఆయన నెలకొల్పిన సిద్ధార్థ కళాశాల ఆర్ట్స్‌నూ సైన్సునూ కలిపి బోధించింది. అందనివ్వని చదువునే అడగడం ఆయన సూత్రం అనుకుంటే, ఈనాడు ఖర్చు అడ్డుగోడ వెనుక ఉన్నది ఉదార విద్యే. తెలుగు నేల మీద శ్రీసిటీలో వెలసిన క్రియా విశ్వవిద్యాలయం వంటి సంస్థల ఫీజు చూస్తే ఆ గోడ ఎత్తు తెలుస్తుంది. రాజ్యాంగంలోని 15(5) అధికరణ ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ రిజర్వేషన్లకు వీలు కల్పించినా, ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు వర్తించే చట్టాన్ని పార్లమెంటు ఇంతవరకు చేయలేదు.

అమెరికా నల్లజాతి ప్రజలు ఈ వాదాన్ని నూరేళ్ల కిందటే ఎదుర్కొన్నారు. బుకర్ టి. వాషింగ్టన్ 1881 నుంచి టస్కెగీలో వృత్తివిద్యను పెంచారు. ముందు చేతిపనిలో రాణించాలి, హక్కులు తరువాత వస్తాయన్నది ఆయన దారి. డుబాయిస్ 1903లో దాన్ని బహిరంగంగా ఖండించారు. ఉన్నత ఉదార విద్య లేని జాతికి తన ఉపాధ్యాయులే ఉండరనీ, వృత్తివిద్యాలయాలకు సైతం బోధకులు కావాలంటే కళాశాలలు కావాలనీ ఆయన వాదం. ఆ డుబాయిస్‌కే అంబేడ్కర్ 1946లో ఉత్తరం రాశారు. వృత్తివిద్య వద్దని ఎవరూ అనరు. 2024లో మన రాష్ట్రం చట్టం చేసి స్థాపించిన యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ మంచి శిక్షణ ఇస్తే సంతోషమే. ఒక వర్గానికి అదొక్కటే చాలునన్న నిర్ణయాన్ని మాత్రం అంగీకరించలేం.

ఉద్యోగం సంగతికే వద్దాం. గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షల్లో అడిగేవి ఏమిటి? భారత సమాజం, రాజ్యాంగం, తెలంగాణ చరిత్ర, ఆర్థిక వ్యవస్థ, తెలంగాణ ఉద్యమం, వ్యాసరచన. ఇవన్నీ ఉదార విద్యాంశాలే. డిగ్రీలో వీటిని నేర్పని వ్యవస్థ, ఆ తరువాత అవే అంశాల కోసం విద్యార్థిని హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాలకు తోలుతున్నది. ఇరుకు గదుల అద్దె, మెస్ బిల్లు, కోచింగ్ ఫీజు కోసం తల్లి పుస్తెలు తాకట్టుకు పోతున్నాయి. గోదావరిఖనిలో రెండేళ్ల పాటు శ్రద్ధగా బోధిస్తే దొరికే చదువును అశోక్‌నగర్‌లో అప్పుచేసి కొనుక్కోవలసి రావడమే నిజమైన విలాసం.

ఉమ్మడి పాఠాల ప్రయోగం మనకు పూర్తిగా కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు భారతీయ వారసత్వం-సంస్కృతి, సైన్సు-నాగరికత అనే ఫౌండేషన్ పేపర్లు ఉండేవి. గైడ్లు కొని, చివరి వారంలో బట్టీపట్టి గట్టెక్కిన పేపర్లుగానే అవి చాలామంది జ్ఞాపకంలో మిగిలాయి. వారసత్వమంటే రాజులు, గుడులు, వేదాలు అన్న దృష్టితో రాసిన పాఠంలో వెలివాడ బిడ్డకు తన ముఖం కనిపించలేదు. 2016లో వచ్చిన క్రెడిట్ పద్ధతిలో పర్యావరణం వంటి అంశాలు 2 క్రెడిట్ల చిన్న పేపర్లుగా మారాయి. మన ఊరి ఓపెన్‌కాస్టు దుమ్ము గురించి ఒక్క వాక్యం లేకుండానే రామగుండంలో పర్యావరణ పాఠం పూర్తవుతుంది.

భిన్నమైన ఉదాహరణ కూడా ఉన్నది. 2015లో తెలుగు అకాడమి ప్రచురించిన ‘టువర్డ్స్ ఎ వరల్డ్ ఆఫ్ ఈక్వల్స్’ అనే ద్విభాషా పాఠ్యపుస్తకం ఆధారంగా జేఎన్‌టీయూ హైదరాబాద్ తన ఇంజనీరింగ్ విద్యార్థులకు జెండర్ కోర్సును తప్పనిసరి చేసింది. ఇంటిచాకిరీ ఎవరిది, చరిత్ర ఎవరిది, హింస అంటే ఏమిటి అన్న ప్రశ్నలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పక్కపక్కనే ఉన్న పుస్తకమది. ఆ విశ్వవిద్యాలయానికి చెందిన మంథని ఇంజనీరింగ్ కళాశాల నడుస్తున్నది సింగరేణి వారి సెంటినరీ కాలనీలోనే. భూగర్భ గనిలోకి స్త్రీలు దిగరాదన్న దశాబ్దాల నిషేధం 2019లో సడలిన బొగ్గునేల మీద ఆ పాఠానికి ఉన్న అర్థం వేరు. సాంకేతిక విద్యార్థికి సామాజిక పాఠం పట్టదన్న వాదనను ఆ పుస్తకమే తోసిపుచ్చింది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి భాష అడ్డుకాకుండా, ఇంగ్లీషు అందకుండానూ పోకుండా ఎట్లా బోధించవచ్చో కూడా చూపింది.

ఈ అనుభవాల వెలుగులో శాతవాహన విశ్వవిద్యాలయం పరిధిలో నాలుగు సెమిస్టర్ల పాఠ్యక్రమాన్ని ఇట్లా ఊహించవచ్చు. మొదటి సెమిస్టర్ బొగ్గు మీద: కోట్ల ఏళ్ల కిందటి గోండ్వానా అడవులు పొరలుగా మారిన భూగర్భశాస్త్రం నుంచి నిజాం కాలపు కంపెనీ, 1981లో 56 రోజుల సమ్మె, ఓపెన్‌కాస్టులో మునిగిన ఊళ్ల దాకా. రెండవది కులం, శ్రమ, చట్టం: బుద్ధుడు, ఫూలే, అంబేడ్కర్, భాగ్యరెడ్డివర్మ, వారితో పాటు 1952 గనుల చట్టం, రాజ్యాంగం, 1989 అట్రాసిటీ నిరోధక చట్టం. మూడవది లెక్క: సంఖ్యాశాస్త్రాన్ని వేతన చీటీ, రిజర్వేషన్ రోస్టర్, రాష్ట్ర కులసర్వే మీద నేర్పడం. 2025లో వెల్లడైన ఆ సర్వే బీసీల వాటా 56.33 శాతమని చెప్పింది. ఆ అంకె ఎట్లా వచ్చింది, దేన్ని కొలిచింది, దేన్ని కొలవలేదు అని ప్రశ్నించగల శక్తి ఆ జనాభా బిడ్డలకే ఉండాలి. నాలుగవది సాహిత్యం, రచన: జాషువా ‘గబ్బిలం’, ఈ ప్రాంతపు రైతుకూలీ పోరాటాన్ని నవలగా మలచిన అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’, గోగు శ్యామల సంకలనం చేసిన దళిత స్త్రీల సాహిత్యం ‘నల్లపొద్దు’. వీటి సరసనే ప్లేటో, షేక్‌స్పియర్, టోనీ మారిసన్ ఉండాలి. మన బిడ్డలకు మన కథ మాత్రమే చాలనుకోవడం మరొక రకం వెలి. ప్రతి విద్యార్థీ తన ఇంటి మూడు తరాల పనిచరిత్రను రాసి తరగతిలో చర్చకు పెట్టడంతో రెండేళ్లు ముగియాలి.

అంబేడ్కర్ 1916 పత్రాన్ని ఇక్కడి డిగ్రీ విద్యార్థులతో కలిసి చదివినప్పుడు నాకు ఎదురైన ప్రశ్నలు పెద్ద విశ్వవిద్యాలయాల గోష్ఠుల్లోని ప్రశ్నలకు తీసిపోలేదు. కులం లోపలి పెళ్లే కులాన్ని నిలబెడుతున్నదని ఆయన చెప్పిన చోట ఒక అమ్మాయి, క్వార్టర్లలో గోడకు గోడ ఆనుకుని ముప్పై ఏళ్లు బతికిన కుటుంబాలు పెళ్లి మాట వచ్చేసరికి ఎవరి ఊరికి వారు ఎందుకు పోతారని అడిగింది. కార్మికవర్గ ఐక్యతను గురించి ఈ నేల మీద దశాబ్దాలుగా సాగిన చర్చలో జవాబు దొరకక మిగిలిన ప్రశ్న అదే. ఆ అమ్మాయి చదువుతున్నది బీకాం కంప్యూటర్స్. ఆమె పాఠ్యప్రణాళికలో ఆ ప్రశ్నకు స్థలం లేదు.

అమలుకు రెండు షరతులు ఉన్నాయి. ఒకటి, అధ్యాపకులు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మంజూరైన బోధన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీగా ఉన్నాయి. ఉన్న భారాన్ని కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులు మోస్తున్నారు. చర్చతో నడవవలసిన పాఠాన్ని గంటల లెక్కన జీతం తీసుకునే మనిషి మీద, నూరు మంది కూర్చున్న గదిలో రుద్దితే మళ్లీ గైడ్లే మిగులుతాయి. రోస్టర్ ప్రకారం, ఎస్సీ వర్గీకరణను పాటిస్తూ, క్రమబద్ధమైన నియామకాలు జరగాలి. ఈ పాఠం చెప్పేవారిలో ఈ బతుకు తెలిసినవారు ఉండాలి. రెండు, డబ్బు. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణ ప్రతి గని జిల్లాలో ఖనిజ నిధిని ఏర్పాటు చేయించింది. విద్య దాని ప్రాధాన్య అంశాల్లో ఒకటి. పెద్దపల్లి జిల్లాకు ఆ నిధి వచ్చేది ముఖ్యంగా బొగ్గు నుంచే. రోడ్లకూ భవనాలకూ పోయే నిధిలో ఒక భాగం ఈ తరగతి గదులకు, గ్రంథాలయాలకు రావాలని అడగడం దయకోసం చేయి చాచడం కాదు. ఆ బొగ్గును తవ్వింది ఈ విద్యార్థుల తాతలు.

కార్మిక సంఘాల డిమాండ్ల పత్రాల్లో క్వార్టర్లు, ఆదాయపు పన్ను, వైద్యం, కారుణ్య నియామకాలు ఉంటాయి. అవన్నీ న్యాయమైనవే. వాటి పక్కన బిడ్డల చదువు ఎటువంటిదై ఉండాలన్న డిమాండు కూడా చేరాలి. విద్యార్థి సంఘాలు స్కాలర్‌షిప్ బకాయిల కోసం చేస్తున్న పోరాటంలో పాఠ్యప్రణాళికను కూడా ఒక అంశం చేయాలి. పెద్దపల్లి లోక్‌సభ స్థానం ఎస్సీలకు రిజర్వు అయినది; అక్కడ ఓటు అడిగే ప్రతి పార్టీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. రిజర్వేషన్ మనలను విశ్వవిద్యాలయం లోపలికి తెచ్చింది. లోపలికి వచ్చిన తరువాత ఏది చదవాలో, ఏది చదవనక్కరలేదో ఇంకొకరు నిర్ణయిస్తుంటే ఆ ప్రవేశం సగమే. మిగిలిన సగం కోసం పోరాటం పాఠ్యపుస్తకంలోనే జరగాలి.